మొండికేసిన స్క్రూను ఏ పనిముట్టుతో విప్పాలి?

దేవరకొండ వైపు ఒక బత్తాయి తోటలో బోరు స్టార్టర్ డబ్బా మూత రావడం లేదని కబురు వస్తే వెళ్లాను. మూతకు నాలుగు స్క్రూలు. మూడింటిని తీసి డబ్బా మీద వరసగా పెట్టారు. నాలుగో దాని తలలో ప్లస్ గాడి ఉండవలసిన చోట గుండ్రటి గుంట మెరుస్తోంది, అంచున సన్నటి ఇనుప రజను. "పొద్దున్నుంచి తిప్పుతూనే ఉన్నాను అన్నా, తుప్పు పట్టి బిగుసుకుపోయింది" అన్నాడు తోట యజమాని. ఆ స్క్రూకు తుప్పు లేదు. ఆయన చేతిలో ఉన్న స్టార్ స్క్రూడ్రైవర్ ఆ గాడికి ఒక సైజు చిన్నది, పైగా మొన అరిగి మొద్దుబారింది. తుప్పు చేయని పాడు ఆ మొన చేసింది.

నల్గొండలో మోటార్లు, పంపులు, బండ్లు బాగుచేసే పనిలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. నా దగ్గరికి వచ్చే చెడిన స్క్రూల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. బిగిసిన స్క్రూ పెద్ద కష్టం కాదు. బిగిసిన స్క్రూ తలను పాడుచేసుకుంటేనే కష్టం. అందుకే మొదటిసారి ఏ పనిముట్టు పెడతారన్నది మీరు తీసుకునే నిర్ణయాల్లో అన్నిటికన్నా పెద్దది.

పని మొదలుపెట్టే ముందు ఒక్క మాట. స్టార్టర్ డబ్బా అయితే మెయిన్ దించి, ఫ్యూజులు ఊడదీసి జేబులో పెట్టుకోండి. ఆటో స్టార్టర్ ఉంటే దాని స్విచ్చి కూడా ఆపండి. రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1న మొదలైనా, అంతకు ముందు పెట్టుకున్న ఆటో స్టార్టర్లు చాలా బావుల దగ్గర అలాగే ఉన్నాయి. పోయిన కరెంటు తిరిగి రాగానే మోటారు దానంతట అదే అందుకుంటుంది. అప్పుడు మీ వేళ్లు లోపల ఉండకూడదు.

ఎందుకు బిగిసిందో ముందు చూడండి

స్క్రూ తల చుట్టూ టార్చి వేసి చూడండి. ఎర్రటి మరక ఉంటే తుప్పు. దానికి మందు నూనె.

తెల్లగా, గట్టిగా, గోటితో గీకితే పొడి రాలేలా ఉంటే, అది కొళాయి, షవర్, గీజర్, పంపు లాంటి నీటి వస్తువు అయితే, అది ఉప్పునీళ్ల పొర. మన వైపు బోరు నీళ్లు ఎంత గట్టివో బకెట్ అంచు చూస్తే తెలుస్తుంది. ఈ పొర మీద ఎంత నూనె పోసినా కరగదు, ఎందుకంటే అది సున్నం జాతిది. దాన్ని కరిగించేది పులుపు. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు రెండు చెంచాలు ఒక గ్లాసు వేడి నీళ్లలో కలిపి, అందులో ముంచిన గుడ్డను స్క్రూ చుట్టూ చుట్టి అరగంట ఉంచండి. బుడగలు వస్తే పని జరుగుతున్నట్టు. తర్వాత మంచి నీళ్లతో కడిగి తుడవండి. ఎక్కువసేపు వదిలేస్తే క్రోమ్ పూత దెబ్బతింటుంది. బాత్‌రూమ్‌లో ఈ పని చేసేటప్పుడు పక్కన బ్లీచింగ్ పొడి గానీ ఆ రకం క్లీనర్ గానీ ఉండకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, అది ఊపిరితిత్తులకు ప్రమాదం.

అల్యూమినియంలో ఇనుప స్క్రూ లేదా స్టీలు స్క్రూ బిగించి ఉంటే ఇంకో రకం తెల్ల పొడి కనిపిస్తుంది. రెండు వేరు లోహాలు తడి తగిలి ఒకదాన్నొకటి తింటాయి, నష్టపోయేది అల్యూమినియం. మోటార్‌సైకిల్ ఇంజను మూతలు, బ్రేకు ఆయిల్ డబ్బా మూత, చిన్న పంపుల ఒళ్లు ఈ జాబితాలోవి. వీటికి నూనెతో పాటు వేడి కావాలి, బ్రేకు డబ్బాకు మాత్రం వేడి వద్దు.

మర మీద నీలం లేదా ఎరుపు జిగురు కనిపిస్తే అది కంపెనీలోనే వేసిన మర జిగురు. నీలం రకం మామూలు పనిముట్లకే వస్తుంది. ఎరుపు రకం 250 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వేడెక్కితే గానీ వదలదు. దాంతో చేతి బలం పెట్టి పోట్లాడకండి.

తల మీద పెయింటు నిండి ఉందేమో కూడా చూడండి. స్టార్టర్ డబ్బాలకు, గేట్లకు ఏటా రంగు వేసేటప్పుడు గాడి పూడిపోతుంది. గాడి అడుగు దాకా రంగు గీకేయకపోతే ఎంత మంచి స్క్రూడ్రైవర్ అయినా సగం లోతులోనే ఆగుతుంది. లావు సూది లేదా పాత హాక్సా బ్లేడు ముక్క చాలు.

చివరగా, తిప్పుతున్న వైపు సరైనదేనా? టేబుల్ ఫ్యాను రెక్కను పట్టుకునే బిళ్ల, సైకిల్ ఎడమ పెడలు, బెంచి గ్రైండర్ ఎడమ చక్రం నట్టు ఎడమ మరతో ఉంటాయి. అవి గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే వదులవుతాయి. వాటిని మామూలు పద్ధతిలో విప్పబోయి ఇంకా బిగించేసిన వాళ్లను చాలామందిని చూశాను.

మొనకు, గాడికి పొత్తు కుదరాలి

స్టార్ స్క్రూడ్రైవర్ అని మనం ఒకే పేరుతో పిలిచేవాటిలో కనీసం రెండు జాతులున్నాయి. ఒకటి ఫిలిప్స్. అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ పేరు మీద 1936లో పేటెంట్లు వచ్చిన రకం ఇది. దాని గాడి గోడలు అడుగుకు పోయేకొద్దీ లోపలికి వాలి ఉంటాయి. గట్టిగా తిప్పితే మొన ఆ వాలు మీదుగా పైకి ఎక్కి బయటికి జారుతుంది, జారుతూ గాడి అంచులను గీసుకుపోతుంది. మీరు తిప్పే బలంతో సమానంగా కిందికి నొక్కకపోతే ఇదే జరుగుతుంది. రెండోది జపాన్ కొలతల ప్లస్ గాడి. మన రోడ్ల మీది బండ్లలో చాలావాటికి మూలం జపాన్ డిజైన్లు కాబట్టి కార్బొరేటర్ల మీద, పాత ఇంజను మూతల మీద ఇవి కనిపిస్తాయి. తల మీద ఒక చిన్న చుక్క ఉంటే ఆ జాతి అని గుర్తు. ఫిలిప్స్ మొన దీని అడుగు దాకా దిగదు. జేఐఎస్ (జపాన్ కొలతల ప్రమాణం) అని రాసి ఉన్న స్క్రూడ్రైవర్ ఒక్కటి కొనిపెట్టుకుంటే కార్బొరేటర్ పని సగం తేలికవుతుంది.

సైజు చూసే పద్ధతి ఇది. మొనను గాడిలో పెట్టి, చేతి పట్టు వదిలి, వేలి కొసతో పిడిని అటూ ఇటూ కదపండి. టకటకా ఊగితే చిన్నది. గాడి అడుగు తగలక పైనే నిలిస్తే పెద్దది. ఊగకుండా నిలబడితే అదే మీకు కావలసినది. ఇళ్లలో, మోటార్లలో ఎక్కువగా వాడేది 2 నంబరు. ఇంజను మూతల పెద్ద స్క్రూలకు 3 నంబరు కావాలి, అది చాలా ఇళ్లలో ఉండదు. అందుకే ఆ స్క్రూలు అన్నిటికన్నా ముందు పాడవుతాయి.

ఫ్లాట్ గాడికైతే మొన వెడల్పు గాడి పొడవుతో, మందం గాడి వెడల్పుతో సరిపోవాలి. మొన అరిగితే ఆకురాయితో సమంగా రాయండి. గ్రైండర్ మీద నీలంగా కాలనివ్వకండి, కాలితే మొన మెత్తబడుతుంది. బోల్టులకు ఆరు మూలల సాకెట్ వాడండి. పన్నెండు మూలలది అరిగిన తల మీద జారుతుంది.

నూనె, దెబ్బ, ఓపిక

తల ఇంకా బాగుంది, స్క్రూ మాత్రం కదలడం లేదు. ఇప్పుడు బలం పెంచకండి. తుప్పు చుట్టూ నూనె వేయండి.

నీలం, పసుపు డబ్బాలో వచ్చే డబ్ల్యూడీ-40ని అందరూ తుప్పు మందుగా వాడతారు. 1953లో అమెరికాలోని శాన్ డియేగోలో దాన్ని తయారుచేసింది లోహం మీది తడిని తరిమేయడానికి. నలభయ్యోసారి కుదిరిన మిశ్రమం కాబట్టి ఆ పేరు. తేలికపాటి తుప్పుకు బాగానే పనిచేస్తుంది. ఏళ్ల తరబడి బిగిసిన వాటికి తుప్పు వదిలించే నూనె అని విడిగా అమ్మేది తీసుకోవడం మేలు. ఏదీ దొరకకపోతే డీజిల్‌లో కొంచెం ఇంజన్ ఆయిల్ కలిపి వేయండి. ఆలస్యంగా అయినా లోపలికి దిగుతుంది. స్ప్రే డబ్బాలను ఎండలో నిలిపిన బండి డిక్కీలో ఉంచకండి. 50 డిగ్రీలు దాటనివ్వవద్దని వాటి మీదే రాసి ఉంటుంది. మే నెలలో మన ఎండకు మూసిన డిక్కీ ఆ వేడిని సులువుగా దాటుతుంది.

నూనె వేయగానే తిప్పడం అందరూ చేసే తప్పు. నాలుగు చుక్కలు వేసి, స్క్రూడ్రైవర్ మొన గాడిలో ఉంచి, పిడి మీద చిన్న సుత్తితో పదిసార్లు తేలికగా కొట్టండి. ఆ అదురుకు తుప్పు పొరలో సన్నటి బీటలు పడతాయి, నూనె వాటిలోకి పాకుతుంది. పావుగంట ఆగి మళ్లీ వేయండి. వీలుంటే రాత్రంతా వదిలేయండి. పొద్దున్న విప్పేటప్పుడు ముందు కాస్త బిగించే వైపు తిప్పండి. అతికిన పొర ఏ వైపు కదిలినా విరుగుతుంది, బిగించే వైపు మీరు పెట్టేది చిన్న ఒత్తిడే. చిన్నగా "టక్" అని వినిపిస్తుంది. ఆ చప్పుడు వచ్చిందంటే స్క్రూ మీ మాట వింటుంది. అర చుట్టు విప్పి, పావు చుట్టు వెనక్కి, మళ్లీ అర చుట్టు. ఒకే ఊపున లాగకండి.

దీనికి లొంగకపోతే చేతి ఇంపాక్ట్ డ్రైవర్ తీయండి. నా పెట్టెలో ఒకే ఒక ప్రత్యేక పనిముట్టు ఉండాలంటే నేను ఉంచుకునేది ఇదే. లావు ఇనుప గొట్టం లాంటి పిడి, కింద బిట్టు. పైన సుత్తితో కొడితే లోపలి వాలు గాడి ఆ దెబ్బను కొంత తిరుగుడుగా మారుస్తుంది. బిట్టును గాడిలోకి నొక్కడం, తిప్పడం రెండూ ఒకే క్షణంలో జరుగుతాయి కాబట్టి మొన జారే అవకాశం ఉండదు. పిడిని ముందే విప్పే వైపు మెలితిప్పి పట్టుకుని, బరువైన సుత్తితో సూటిగా ఒక దెబ్బ. పది చిన్న దెబ్బల కన్నా అదే మంచిది. బ్యాటరీ డ్రిల్లులా ఉండే ఇంపాక్ట్ యంత్రం వేరు, ఇది వేరు. కొట్లో అడిగేటప్పుడు సుత్తితో కొట్టేది అని చెప్పండి. కార్బొరేటర్ మీద, ప్లాస్టిక్ మీద, పలచటి పోత మీద మాత్రం దీన్ని వాడకండి, పగులుతుంది.

వేడి గురించి. అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 10 మిల్లీమీటర్ల రంధ్రం చుట్టూ 100 డిగ్రీలు పెంచితే అల్యూమినియం 0.023, ఉక్కు 0.012 మిల్లీమీటర్ల మేర పెరుగుతాయి. తేడా వెంట్రుక మందం కూడా లేదు, కానీ అతికిన పొర విరగడానికి అది చాలు. వేడిగాలి గన్ను ఉంటే మంట కన్నా అదే వాడండి. వేడి స్క్రూకు కాదు, దాని చుట్టూ ఉన్న లోహానికి తగలాలి. నూనె, డీజిల్ వేసిన చోట మంట పెట్టకండి. పెట్రోలు ట్యాంకు, కార్బొరేటర్, బ్రేకు భాగాలకు అసలే వద్దు. జింకు పూత బోల్టును ఎర్రగా కాలిస్తే తెల్ల పొగ వస్తుంది, అది పీలిస్తే రాత్రికి జ్వరం వస్తుంది.

తల పాడయ్యాక

గాడి సగం మిగిలి ఉంటే వాల్వులు రుద్దే గ్రైండింగ్ పేస్టు కొంచెం మొనకు రాసి నొక్కి తిప్పండి. అందులోని గరుకు పొడి పట్టు ఇస్తుంది. రబ్బరు బ్యాండు పెట్టి తిప్పమని ఫోనులో చూపిస్తారు. పలచటి చెక్క స్క్రూలకు ఎప్పుడైనా పనికొస్తుందేమో గానీ, ఇనుములో బిగిసిన దానికి రబ్బరు చిరగడం తప్ప జరిగేదేమీ లేదు.

పేస్టుకు రాకపోతే తల ఎలా ఉందో చూసి దారి ఎంచుకోండి. తల పైకి లేచి ఉంటే వైస్ గ్రిప్‌తో, అంటే మూశాక బిగుసుకుని నిలిచే ప్లయర్‌తో, పక్కల నుంచి పట్టండి. వెనక మర సర్దుబాటు చేసి, మూసేటప్పుడు రెండు చేతుల బలం కావలసినంత గట్టిగా ఉంచాలి. మామూలు కటింగ్ ప్లయర్‌తో పట్టుకుంటే అంచులు గుండ్రబడతాయి, ఆ తర్వాత వైస్ గ్రిప్‌కు కూడా పట్టు దొరకదు. పట్టే చోటు లేకపోతే హాక్సా బ్లేడుతో తల మీద కొత్త ఫ్లాట్ గాడి కోసి వెడల్పు స్క్రూడ్రైవర్ పెట్టండి. అలెన్ కీ గుంత అరిగితే ఆరు కోణాల నక్షత్రం బిట్టు, గుంత కన్నా కాస్త పెద్దది, సుత్తితో దిగగొట్టండి. కొత్త మూలలు పడతాయి.

బోల్టు విరిగి మొండెం కాస్త బయటికి ఉంటే దాని మీద నట్టు పెట్టి, నట్టు మధ్యలో వెల్డింగ్ చేయించండి. పట్టుకోవడానికి కొత్త తల వస్తుంది, వెల్డింగ్ వేడి మరను వదిలిస్తుంది. ట్రాక్టర్ పని చేసే ఏ షెడ్డులోనైనా ఇది చేస్తారు. బండి మీద ఉండగానే చేయిస్తుంటే బ్యాటరీ తీగ తీసేయండి. రోటావేటర్ బ్లేడ్ల బోల్టుల మీద మాత్రం ఇంత ఓపిక ఖర్చు చేయకండి. మట్టికి తల అరిగిపోయిన వాటిని గ్రైండర్‌తో కోసి కొత్తవి వేయడమే సరైన పని. పాత బోల్టు తల మీద 8.8 అని (అది బోల్టు బలం చెప్పే అంకె) ఉంటే కొత్తది కూడా 8.8 ఉండాలి.

మూతను పట్టి ఉంచిన స్క్రూ అయితే తలను డ్రిల్లుతో తీసేయడం నాకు అన్నిటికన్నా ఇష్టమైన దారి. సెంటర్ పంచ్‌తో నడిమధ్యన గుంట పెట్టండి. ఇది హడావిడిగా చేస్తే తర్వాతి పనంతా పక్కకు పోతుంది. 3 మిల్లీమీటర్ల బిట్టుతో మొదలుపెట్టి, స్క్రూ కాడ లావు ఉన్న బిట్టుతో ముగించండి. నెమ్మది వేగం, చుక్క చుక్క నూనె, కళ్లద్దాలు తప్పనిసరి. తల ఉంగరంలా ఊడి బిట్టు మీదికి ఎక్కుతుంది. మూత వచ్చేస్తుంది. తలకు, మూతకు మధ్య ఉన్న ఒత్తిడి పోయింది కాబట్టి మిగిలిన కాడ చాలాసార్లు గ్రిప్‌తో రెండు తిప్పులకే వస్తుంది. తోటలో ఆ నాలుగో స్క్రూ ఇలాగే వచ్చింది, వేళ్లతో తిప్పితేనే.

ఎడమ వైపు తిరిగి కోసే డ్రిల్ బిట్లు కూడా ఉన్నాయి. కోస్తూ కోస్తూ ఉండగా బిట్టు స్క్రూను పట్టి బయటికి లాగేస్తుంది. మన దగ్గర కొట్లలో అరుదు. సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లినప్పుడు 3 నుంచి 6 మిల్లీమీటర్ల దాకా ఒక్కోటి తెచ్చుకుంటే ఏళ్ల తరబడి ఉంటాయి.

ఎక్స్‌ట్రాక్టర్ చివరిది

ఈజీ అవుట్ అని అమ్మే ఎడమ మర ఎక్స్‌ట్రాక్టర్ పేరులోనే సులువు ఉంది, పనిలో లేదు. స్క్రూలో రంధ్రం వేసి దీన్ని దిగగొట్టి తిప్పాలి. ఆలోచించండి: స్క్రూ తలే తెగేంత గట్టిగా మర బిగిసి ఉంటే, ఆ స్క్రూ కన్నా సన్నగా ఉన్న ఈ ముక్క ఎంత బలం ఆపుతుంది? పైగా అది లోపలి నుంచి స్క్రూను బయటికి ఉబ్బిస్తుంది, మర ఇంకా బిగుస్తుంది. పనిలో చేరిన కొత్తలో ఒక పంపు అల్యూమినియం ఒంట్లో 6 మిల్లీమీటర్ల బోల్టు కోసం దీన్ని తిప్పి విరగ్గొట్టాను. ఎక్స్‌ట్రాక్టర్ ఉక్కు ఎంత గట్టిదంటే మామూలు బిట్టు దాని మీద జారిపోతుంది. చివరికి హైదరాబాద్ పంపి విద్యుత్ స్పార్కుతో కరిగించే యంత్రం మీద తీయించాల్సి వచ్చింది. రైతుకు నాలుగు రోజులు నీళ్లు లేవు. ఆ నాలుగు రోజులు నాకు ఇప్పటికీ గుర్తే.

వాడక తప్పకపోతే బోల్టు ఇప్పటికే నూనెకు, వేడికి కాస్త వదులైందని నమ్మకం ఉన్నప్పుడే వాడండి. రంధ్రం బోల్టు లావులో సగానికి కొంచెం పైగా, సరిగ్గా మధ్యలో ఉండాలి. ట్యాపు (మర కోసే పనిముట్టు) పిడి లాంటి రెండు చేతుల పిడితో సమంగా తిప్పండి. ఒక వైపు స్పానర్ పెడితే పక్కకు వంగి విరుగుతుంది. స్ప్రింగులా వంగుతున్నట్టు చేతికి తగిలితే వెంటనే ఆపండి.

అదీ కుదరకపోతే మొత్తం డ్రిల్ చేసి మర మళ్లీ వేయాలి. మామూలు మరకు 5 మిల్లీమీటర్ల స్క్రూకు 4.2, 6కు 5, 8కి 6.8, 10కి 8.5 మిల్లీమీటర్ల బిట్లు. మధ్య తప్పకుండా వేయగలిగితే పాత మర సన్నటి తీగ చుట్టలా ఊడి వస్తుంది, దాన్ని లాగేసి ట్యాపు పోనివ్వండి.

పెట్టెలో ఏం కొనాలి? ముందు 1, 2, 3 నంబర్ల మంచి స్టార్ స్క్రూడ్రైవర్లు, పిడి చివర దాకా ఇనుము ఉండి సుత్తి దెబ్బ తట్టుకునేవి. తర్వాత తుప్పు నూనె, చేతి ఇంపాక్ట్ డ్రైవర్, పది అంగుళాల వైస్ గ్రిప్, సెంటర్ పంచ్, మంచి హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) డ్రిల్ బిట్లు. రంగురంగుల డబ్బాలో నలభై ముక్కలుగా చౌకగా వచ్చే సెట్ల జోలికి పోకండి. వాటి మొనలు రెండో రోజే మెత్తబడి మీ స్క్రూలను పాడుచేస్తాయి.

తిరిగి బిగించేటప్పుడు పాత స్క్రూ వేయకండి. డబ్బా మూతలకు ప్లస్ గాడి బదులు ఆరు పలకల తల ఉన్న స్క్రూ వేస్తే మళ్లీసారి స్పానర్‌తో వస్తుంది. మరకు వేలి కొసతో కొంచెం గ్రీజు రాయండి. అల్యూమినియంలో స్టీలు స్క్రూ అయితే బిగుసుకోకుండా ఉంచే పేస్టు రాయండి. బండి చక్రాల నట్లకు మాత్రం గ్రీజు వద్దు. మొదటి మూడు చుట్లు వేళ్లతోనే తిప్పండి. వేళ్లకు రాకుండా అడ్డం తిరిగితే మర వంకరగా పడుతున్నట్టు, అక్కడే ఆపి వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టండి.